పట్టికల పంతులు

ముప్పై ఏళ్ళు దాటిన నా సర్వీసులో దక్కిన ప్రశంసాపత్రం ఒక్కటే. ఓ ఆగస్టు పదిహేనున పోలీసు పరేడు మైదానంలో, షామియానా కింద నిలబెట్టి, మైకులో పేరు చదివి ఇచ్చారు. ఏం చేసినందుకు ఇచ్చారో మా ఇంట్లోవాళ్ళకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కంప్యూటర్లో ఏదో ఘనకార్యం చేశాడనుకుంటారు. నేను చేసింది ఇదీ. రేషన్ షాపుల్లో వేలిముద్రల యంత్రాలు కొత్తగా పెట్టిన రోజులవి. మా జిల్లా కార్డుల జాబితా తెరిచి, వరసగా కొన్ని నెలలపాటు సరుకులు తీసుకోని కార్డులన్నీ ఓ పక్కకు తీశాను. వాటికి రావలసిన బియ్యాన్ని కిలోల్లో లెక్కగట్టి, కిలోలను రూపాయల్లోకి మార్చి, అడుగున మొత్తం వేసి, ఆ మొత్తం పక్కన ‘ప్రభుత్వానికి ఆదా’ అని రాశాను. పావుగంట పని. గడికి ఆకుపచ్చ రంగు కూడా వేశాను.

ఆ కార్డులవాళ్ళు ఎందుకు రాలేదో నేను అడగలేదు. అడగొద్దని ఎవరూ చెప్పలేదు, నాకే తట్టలేదు. సరుకులు తీసుకోలేదంటే రాలేదు, రాలేదంటే లేరు, లేరంటే అవి దొంగ కార్డులు. మూడు మెట్లూ ఒక్క అంగలో దిగిపోయాను. దుర్మార్గంతో చేసుంటే ఎక్కడో ఒకచోట గుచ్చుకునేదేమో. నేను చేసింది తెలివితక్కువతనంతో, అదీ ఎంతో శ్రద్ధగా, చుక్క తప్పు పోకుండా. అందుకే హాయిగా నిద్రపట్టింది.

ఆఫీసులో నన్ను ‘పట్టికల పంతులు’ అనేవాళ్ళు. అది మెచ్చుకోలు కాదని రిటైరయ్యాక గాని అర్థం కాలేదు.

ఈ పిచ్చి నాకు ఎలా పట్టిందో చెప్పాలి. టైపు లోయరూ హయ్యరూ పాసై, టైపిస్టుగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. ఆఫీసుకు కంప్యూటరు వచ్చినప్పుడు, వీడికి అక్షరాలు ఎక్కడెక్కడున్నాయో తెలుసు గనక వీడే కూచుంటాడన్నారు. పైఅధికారి గదిలో కూడా లేని ఏసీ ఆ గదిలో ఉండేది. దుమ్ము పడుతుందని చెప్పులు బయట విడిపించేవారు. గుళ్ళోకి వెళ్ళినట్టే వెళ్ళాను. ఆ భక్తి ఆ తర్వాత పోలేదు.

భక్తికి కారణం లేకపోలేదు. అంతకుముందు మా నాన్న ఇంటిస్థలం రిజిస్ట్రేషన్ కోసం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ ఎలా తిరిగాడో నేను చూశాను. దస్తావేజును పుస్తకంలోకి చేత్తో నకలు రాసేవారు. స్థలంమీద తాకట్లూ లావాదేవీలూ చూపే ఈసీ కావాలంటే ఏళ్ళ తరబడి పుస్తకాలు తిరగెయ్యాలి. తిరగేసేవాడి చెయ్యి కదలాలంటే ముందు మన చెయ్యి జేబులోకి వెళ్ళాలి. 1998లో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ శాఖను కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలైంది. రోజులు పట్టే ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది. 1999 డిసెంబరులో హైదరాబాదులో ‘ట్విన్స్’ అనే ప్రయోగం, అదే పెరిగి 2001 ఆగస్టుకి ‘ఈసేవ’. కరెంటు బిల్లు ఒకచోట, నీటి బిల్లు ఇంకోచోట, ఆస్తిపన్ను మరోచోట కట్టే జనం ఒక్క చల్లని గదిలో ఏ కౌంటరు ఖాళీగా ఉంటే అక్కడ అన్నీ కట్టేసి ఇంటికెళ్ళారు. వేరే రాష్ట్రాలవాళ్ళు, విదేశాలవాళ్ళు వచ్చి చూసిపోయారు. 2011 నవంబరులో ‘మీసేవ’ వచ్చింది. ధ్రువపత్రం మీద డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి పచ్చసిరా కోసం అధికారి ఇంటిముందు పడిగాపులు అక్కర్లేదు.

ఇదంతా నిజంగా జరిగింది. జనానికి మేలూ జరిగింది. దాన్ని ఇప్పుడు కాదంటే అదో కొత్త తెలివితక్కువతనం. నా పొరపాటు ఇంకోచోట ఉంది. కరెంటు బిల్లు వరస కరిగిపోవడం చూసి, ఇక లోకంలోని వరసలన్నీ ఇలాగే కరిగిపోతాయనుకున్నాను.

చాలా ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటుంది. కరెంటు బిల్లు కట్టడానికి వచ్చినవాణ్ణి ‘నువ్వు నువ్వేనా?’ అని ఎవరూ అడగరు. పక్కింటివాడి బిల్లు కట్టినా తీసుకుంటారు, పనిపిల్లాడి చేతికిచ్చి పంపినా తీసుకుంటారు. డబ్బు సర్కారు వైపు వెళ్తున్నంతసేపు వేలిముద్రతో పనిలేదు. అదే డబ్బో బియ్యమో సర్కారు దగ్గర్నుంచి మనిషివైపు రావాలంటే అనుమానం మొదలవుతుంది. వేలు పెట్టు, కన్ను చూపించు, ఫోనుకొచ్చిన అంకెలు చెప్పు. మనం గొప్పగా చెప్పుకున్న ఈ-పాలన తొలి అధ్యాయమంతా జనం కట్టే డబ్బు గురించి. రెండో అధ్యాయం జనానికి రావలసిన దాని గురించి. నేను మొదటి అధ్యాయం చదివి, పుస్తకమంతా అర్థమైపోయిందనుకున్నాను. కట్టేవాళ్ళు బిల్లులున్నవాళ్ళు, పట్నంవాళ్ళు, నాలాంటివాళ్ళు. పుచ్చుకునేవాళ్ళు ఎవరో నాకు సంఖ్యగా తప్ప తెలియదు.

హెచ్చరించినవాళ్ళు లేకపోలేదు. రిజిస్ట్రేషన్ శాఖలో కంప్యూటర్లు వచ్చాక కూడా లంచాలు లంచాలుగానే ఉన్నాయని, తెర మారింది తప్ప తెరవెనక పని మారలేదని జోనథన్ కేస్లీ అనే పరిశోధకుడు 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశాడు. మా ఆఫీసులో ఎవరో ఆ వ్యాసం జెరాక్సు తెచ్చారు. ‘ఇంగ్లండునుంచి వచ్చి మనకి చెప్పేదేంటి’ అన్నాను. పూర్తిగా చదవనుకూడా లేదు.

దళారీని చంపేశామని చెప్పుకోవడం నాకు మహా సరదాగా ఉండేది. కలెక్టరేటు గేటు బయట చెట్టుకింద టైపు మిషన్లు పెట్టుకుని అర్జీలు కొట్టిచ్చేవాళ్ళు ఉండేవారు. నాతోపాటు టైపు నేర్చుకున్నవాళ్ళే, ఉద్యోగాలు రానివాళ్ళు. వాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచిపోతుంటే ‘చూశారా, టెక్నాలజీ’ అన్నాను. కొన్నాళ్ళకి అదే చెట్టుకి ఎదురుగా నెట్ సెంటర్లు వెలిశాయి. నోటుబుక్కులో ఊరందరి పాస్‌వర్డులూ రాసుకున్న కుర్రాడు ఒకడు. కులధ్రువీకరణకి ఎక్కడ నొక్కాలో, ఆదాయం గడిలో ఎంత రాస్తే దరఖాస్తు తిరిగిరాదో వాడికి తెలుసు. వాడు అదనంగా వసూలు చేస్తున్నాడని, ప్రతివాళ్ళూ సొంతంగా దరఖాస్తు చేసుకునేలా చైతన్యపరచాలని నేనో నోట్ పెట్టాను. ఆ నోట్ ఇంగ్లీషులో పెట్టాను. ఏ వెబ్‌సైటు తెరుచుకున్నా మొదటి గడి ఇంగ్లీషులో ఉండగా, చదువురాని మనిషి సొంతంగా ఎలా చేసుకుంటాడన్నది ఆ నోట్‌లో లేదు. నిజానికి చెట్టుకింద మనిషికీ నెట్ సెంటరు కుర్రాడికీ పనిలో తేడా లేదు. సర్కారు భాష రానివాడి తరఫున సర్కారుతో మాట్లాడే పని అది. ఆ పని అవసరమని ఒప్పుకుని, దానికో మనిషిని పెట్టి, జీతమిచ్చి, జవాబుదారీ చెయ్యాలి. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టి ఊళ్ళోనే మనుషుల్ని కూచోబెట్టినప్పుడు, ‘ఫోనుల కాలంలో ఇంతమంది ఎందుకు?’ అని గొణిగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ చైతన్యపరిచే పని కూడా నాకే తగిలించారు. మండల సమాఖ్య భవనంలో పొదుపు సంఘాల ఆడవాళ్ళని కూచోబెట్టి, ఫోనులో ఏమేం చెయ్యొచ్చో తెరమీద చూపించాను. చెప్పడం అయ్యాక వెనకవరసలోంచి ఒకావిడ లేచింది.

“ఫోను మావాడి దగ్గరుంటాది సార్. ఓటీపీ వాడికే పోద్ది. వాడేమో హైదరాబాదులో సెంట్రింగు పనికెళ్ళాడు.”

“అయితే మీరూ ఒకటి కొనుక్కోండమ్మా” అన్నాను. అందరూ నవ్వారు. నా మాటకి నవ్వారనుకుని నేనూ నవ్వాను.

ఆవిడ చెప్పింది చిన్న సంగతి కాదు. మేం కట్టిన ఏర్పాటంతా మనిషికో ఫోను ఉంటుందన్న నమ్మకంమీద నిలబడింది. అక్కడ ఉన్నది ఇంటికో ఫోను. అదికూడా ఇంటి మగవాడి జేబులో. ఆవిడ పేరున ఖాతా ఉంది, ఆవిడ పేరున కార్డు ఉంది, తాళంచెవి మాత్రం కొడుకు దగ్గరుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్ళు దేశం మొత్తంమీద నూటికి 33 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 21 మందే. తెలంగాణలో 26 దాటి 27కి చేరలేదు. ప్రపంచానికి సాఫ్ట్‌వేరు ఇంజనీర్లను ఎగుమతి చేస్తున్నామని చెప్పుకునే చోట ఈ అంకెలు. ఆ మీటింగునుంచి ఇంటికొచ్చిన సాయంత్రం మా ఆవిడ పేరున ఉన్న గ్యాసు సబ్సిడీ పడినట్టు మెసేజి వచ్చింది, నా ఫోనుకి. అప్పుడైనా బుర్రలో దీపం వెలగలేదు. డిలీట్ చేసి పడుకున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. రేషన్ షాపులో ఈ-పాస్ అనే ఆ వేలిముద్రల యంత్రం పెట్టినప్పుడు ముద్ర పడనివాళ్ళ మాటేమిటని పైవాళ్ళు ఆలోచించలేదని అనలేను. ఆలోచించారు. ముద్ర పడకపోతే ఊరి రెవెన్యూ అధికారి, అదే వీఆర్వో, వచ్చి తన వేలు పెట్టి, ఈ మనిషి నాకు తెలుసని పూచీపడి సరుకులు ఇప్పించవచ్చని పెట్టారు. రాతలో ఎంతో మంచి ఏర్పాటు. దాన్ని చెడగొట్టిన ఘనత నాలాంటివాళ్ళది. ఏ వీఆర్వో ఎన్నిసార్లు తన వేలు పెట్టాడో యంత్రంలో నమోదవుతుంది కదా. నేను ఆ లెక్క తీసి, ఎక్కువసార్లు పెట్టినవాళ్ళ పేర్లు పైన, తక్కువసార్లు పెట్టినవాళ్ళ పేర్లు కింద వచ్చేలా పేర్చి, పైపేర్లకి ఎర్రరంగు వేశాను. రివ్యూ మీటింగులో ఆ పట్టిక తెరమీద పడింది. ‘ఏంటయ్యా, నీ ఊళ్ళో ఎవ్వరికీ వేళ్ళు లేవా?’ అన్నారు పెద్దాయన. హాలంతా నవ్వింది. ఎర్రరంగులో ఉన్నవాళ్ళు లేచి నిలబడి తల దించుకున్నారు. మరుసటి నెల ఎర్రరంగు సగానికి సగం తగ్గింది. మరో నెలకి దాదాపు పోయింది. పనితీరు మెరుగుపడిందని నా నివేదికలో రాశాను.

వాళ్ళు తగ్గించింది దొంగతనం కాదు, పూచీపడటం. పూచీపడితే మీటింగులో మాటపడాలి. ముసలమ్మ వెనక్కి వెళ్ళిపోతే ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే వెనక్కి వెళ్ళినవాళ్ళకి నా పట్టికలో గడి లేదు. అక్కరకొచ్చే మినహాయింపు కాగితంమీద ఎలా బతికి ఉంటూనే ఆచరణలో ఎలా చచ్చిపోతుందో నేను స్వయంగా చేసి చూపించాను.

ఇంకొకటి. ఓ షాపు డీలరు యంత్రం పనిచెయ్యనివాళ్ళకి నోటుబుక్కులో రాసుకుని బియ్యం ఇస్తున్నాడని తెలిసింది. సిగ్నలు వచ్చినప్పుడు, ముద్ర పడినప్పుడు లెక్క సరిచేసుకుంటాడట. నిబంధనకి విరుద్ధమని నేనే రాసిపంపాను. అతనికి నోటీసు వెళ్ళింది. నోటుబుక్కు ఆగిపోయింది. ఆ షాపు పరిధిలో ఆ తర్వాత సరుకులు తీసుకోని కార్డులు పెరిగాయి. పెరిగిన కార్డుల్ని మళ్ళీ నేనే ఆకుపచ్చ గడిలో కలుపుకున్నాను.

కొన్నాళ్ళకి మాకు కొత్త అధికారి వచ్చారు. వయసులో నాకంటే చాలా చిన్న. నా ఆదా పట్టిక తిరగేసి, “బావుందండీ. ఈ కార్డుల్లో మీరు ఎంతమంది ఇళ్ళకి వెళ్ళారు?” అని అడిగారు. నాకు ఆ ప్రశ్నని అర్థంచేసుకోవడానికే కొంతసేపు పట్టింది. పట్టికలవాడు ఇళ్ళకి వెళ్ళడమేంటి? “జాబితా ప్రింటు తీసుకుని ఒక్క ఊరు తిరిగిరండి” అన్నారు.

జీపులో వెళ్ళాను, వీఆర్వోని వెంటబెట్టుకుని. నా ఎర్ర పట్టికలో నిలబెట్టినవాళ్ళలో అతనొకడు. దారిలో ఏమీ మాట్లాడలేదు. ఊరి మొదట్లో మాత్రం, “సార్, ఆ ముసలోళ్ళు ఎక్కడికీ పోలేదండి, ఇక్కడే ఉన్నారు” అన్నాడు.

నిజంగానే ఇక్కడే ఉన్నారు. మిరపకాయలు కోసి కోసి వేళ్ళు నున్నగా అయిపోయినవాళ్ళు, సిమెంటు కలిపి చర్మం ఊడినవాళ్ళు, రొయ్యల షెడ్డులో ఐసునీళ్ళలో చేతులుంచి పనిచేసేవాళ్ళు. మంచంమీదనుంచి లేవలేనివాళ్ళు. కార్డులో ఉన్న ఆధార్ నంబరులో ఒక అంకె తారుమారైనవాళ్ళు. ఆ అంకె ఏ డేటా ఎంట్రీ కుర్రాడో, ఒకప్పుడు నాలాంటి టైపిస్టో, భోజనం వేళ దాటిపోతోందన్న తొందరలో కొట్టి ఉంటాడు. దొంగ కార్డులు అసలు లేవా అంటే ఉన్నాయి. చనిపోయినవాళ్ళ పేర్లున్నాయి, ఊరు విడిచి వెళ్ళినవాళ్ళవి ఉన్నాయి. కానీ జాబితాలో మనుషులున్న ఇళ్ళకి ఒక రంగు, లేని ఇళ్ళకి ఒక రంగు వేసుకుంటూ పోతే, ఆ సాయంత్రానికి నేను ఏ రంగు పెన్సిలు ఎక్కువ అరగదీశానో చెప్పక్కర్లేదు.

ఒక ఇంటి అరుగుమీద పెద్దావిడ కూచోమని పీట వేసింది. ఏ ఊరు, ఎవరబ్బాయివి అని అడిగింది. అరచేతులు చూపించమంటే సిగ్గుపడుతూ చూపించింది. కొబ్బరినూనె రాస్తే ముద్ర పడుతుందని ఎవరో చెప్పారట, రాసిందట. తుడిచి పెట్టమని ఇంకొకరు చెప్పారట, తుడిచిందట. మూడో నెలనుంచి వెళ్ళడం మానేసింది. “ఎల్లినప్పుడల్లా ఎనకున్నోళ్ళకి ఆలీసమైతాంది నాయనా. ఆళ్ళు ఇసుక్కుంటారు. మా మరదలి కార్డుమీద సర్దుకుంటన్నాం” అంది. ఆవిడకి కోపం లేదు. తన వేళ్ళదే తప్పనుకుంటోంది. నా తప్పు ఆవిడ మోస్తోంది. అది మాత్రం నాకు ఆ అరుగుమీదే అర్థమైంది.

నాది ఒంటరి ప్రతిభ కాదని తర్వాత్తర్వాత తెలిసింది. 2015లో ఆంధ్రప్రదేశ్‌లోనే కార్డుదారులు చాలామంది సరుకులు తీసుకోవడం లేదని గమనించి ప్రభుత్వం సర్వే చేయిస్తే, విచారించిన 790 మందిలో 290 మంది వేలిముద్రలు కలవక, 93 మంది ఆధార్ వివరాలు సరిపోక ఆగిపోయినవాళ్ళని తేలింది. తెలంగాణలో 2014 తర్వాత రద్దుచేసిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను ఇంటికెళ్ళి మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కంప్యూటరు ఇచ్చిన ఆనవాళ్ళనుబట్టి, నోటీసైనా లేకుండా కొట్టేశారన్నది అక్కడి ఫిర్యాదు. అంతపెద్ద న్యాయస్థానం చివరికి చెప్పింది, మా చిన్న అధికారి నాకు చెప్పిందే: వెళ్ళి చూసిరండి.

నన్ను అన్నిటికంటే కుదిపింది రెండు అధ్యయనాలు. రెండూ చేసింది ఒకే బృందం, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్. మొదటిది మనదే. 2010-12 కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో, ఉపాధి కూలీలకూ పింఛనుదారులకూ వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో డబ్బులిచ్చిన తీరును చూశారు. డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారిపోయేది తగ్గింది, పాత పద్ధతికంటే ఇదే బావుందని నూటికి తొంభైమందికి పైగా చెప్పారు. రెండోది జార్ఖండ్‌లో, రేషన్‌కి ఆధార్ ముడిపెట్టినప్పటిది. అక్కడ అసలైన లబ్ధిదారులు నష్టపోయారు. పది జిల్లాల్లో కొట్టేసిన కార్డుల్ని వెతికి చూస్తే నిజంగా మనుషులు లేనివి నూటికి పన్నెండుకి మించలేదు.

వేలిముద్ర రెండుచోట్లా వేలిముద్రే. మనుషులు రెండుచోట్లా పేదవాళ్ళే. తేడాలు చాలా ఉన్నాయి గాని, నా కంట్లో గుచ్చుకున్న తేడా ఒకటి. ఆంధ్రలో స్మార్ట్‌కార్డు లేనివాళ్ళకి పాత పద్ధతిలోనే డబ్బులివ్వడం ఆపలేదు. కొత్త తలుపు తెరిచారు, పాత తలుపు మూయలేదు. నేను అప్పట్లో దాన్నే ఎగతాళి చేసేవాణ్ణి. ‘రెండు దార్లుంటే కొత్తదారి ఎవరూ పట్టరు, పాతది మూసెయ్యాలి’ అని మీటింగుల్లో వాదించేవాణ్ణి. అదే కార్యదక్షత అనుకున్నాను. పాత తలుపు తెరిచి ఉండబట్టే కొత్త తలుపు మంచిదైందని నా బుద్ధికి అందలేదు. జనం కొత్తది ఎంచుకున్నారంటే అది బావుండి ఎంచుకున్నారు. తోసేసి దాటించిన తలుపు బావుందో లేదో ఎవరు చెప్పగలరు?

ఇంత తెలిశాక బుద్ధి వచ్చిందనుకుంటారు. నేనూ అనుకున్నాను. 2021 మేలో కరోనా టీకాలు పద్దెనిమిది దాటినవాళ్ళకి మొదలయ్యాయి. వాళ్ళకి టీకాల సైటు కోవిన్‌లో ముందుగా నమోదు చేసుకుంటేనే సూది. ఆ సైటు మొదట్లో తెలుగులో కూడా లేదు. మావాడిది బెంగళూరులో ఉద్యోగం. నగరంలో స్లాటు దొరకడంలేదని వాపోతుంటే, ఇక్కడ నేను లాప్‌టాపు ముందు కూచుని పొద్దున్నే పేజీ మళ్ళీమళ్ళీ తెరిచి, చిక్కబళ్ళాపురం వైపు ఓ పల్లె ఆరోగ్య కేంద్రంలో స్లాటు పట్టేశాను. ఓటీపీ వాడు ఫోనులో చెప్పాడు, నేను కొట్టాను. ఈ వయసులోనూ వేళ్ళు ఎంత చురుగ్గా ఉన్నాయో అని మురిసిపోయాను. వాడు కారేసుకుని వెళ్ళి వేయించుకుని ఫోన్ చేశాడు.

“నాన్నా, ఇక్కడ చాలామంది తెలుగే మాట్లాడుతున్నారు. గేటు దగ్గర నిలబడి మాకెప్పుడేస్తారని అడుగుతున్నారు.”

“రిజిస్టరు చేసుకోమను” అన్నాను.

ఆ మాట నా నోటినుంచి వచ్చాక గాని, మండల సమాఖ్యలో ఫోను కొనుక్కోమన్న మనిషి ఇంకా బతికే ఉన్నాడని తెలియలేదు. ఆ ఊరివాళ్ళ సూది మా ఇంటికొచ్చింది. మే 31న సుప్రీంకోర్టు, ఫోనూ నెట్టూ లేనివాళ్ళ గతేమిటని కేంద్రాన్ని నిలదీసింది. జూన్ 21నుంచి నేరుగా వెళ్ళి వేయించుకోవచ్చన్నారు. అంటే పాత తలుపు తెరిచారు. అప్పటికి మావాడి మొదటి డోసు అయిపోయింది.

ఇప్పటికీ నాకు కంప్యూటరంటే ప్రేమే. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయని తెలిసినప్పుడు మా వీధిలో మొదట వాడింది నేనే. బాగుంది కూడా. కరెంటు బిల్లు మంచంమీద పడుకుని కట్టేశాను. కట్టడం కదా, తేలిగ్గానే అయింది.

కాకపోతే ఇప్పుడు పట్టిక ఎవరు చూపించినా నా కళ్ళు లేని గడి కోసం వెతుకుతాయి. ఎంతమందికి సేవ అందిందో ప్రతి తెరమీదా ఉంటుంది. వచ్చి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమంది, ఎందుకు వెళ్ళిపోయారు, మళ్ళీ వచ్చారా అన్నది ఎక్కడా కనబడదు. యంత్రానికి ఇది తెలియని సంగతి కాదు. పడని ప్రతి వేలిముద్రా, సగంలో ఆగిన ప్రతి దరఖాస్తూ దాని కడుపులో ఎక్కడో ఉంటుంది. తీసి చూపించమని అడిగేవాడు లేడు. ఆ గడి పెడితే, పూచీపడ్డ వీఆర్వో పేరు ఎర్రరంగులో పడే బదులు, ఎక్కువమందిని తిప్పి పంపిన ఊరి పేరు పడుతుంది. మీటింగులో తల దించుకునేవాళ్ళు మారతారు. తలలు మారితే పని మారుతుంది, ఇది మాత్రం ఎర్రరంగు వేసిన అనుభవంతో చెబుతున్నాను. ఇంటికి మనిషి వెళ్ళి చూడకుండా ఒక్క కార్డునీ ఆదాలో కలపకూడదు. తిరిగి వెళ్ళినవాళ్ళ సంఖ్య ఎవరికీ నొప్పి కలగనంత చిన్నదయ్యేదాకా పాత రిజిస్టరు మూయకూడదు. ఇందులో గొప్ప సాంకేతికత ఏదీ లేదు. నాలాంటి టైపిస్టు పావుగంటలో చెయ్యగలిగిన పనే.

ఇదే సంగతి వివరంగా రాసి, ఆన్‌లైనులో అర్జీ పెట్టాను. కొన్నాళ్ళకి ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని మెసేజి వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు. ఆ తర్వాత ఓ మధ్యాహ్నం, సంతృప్తి చెందారా అని అడిగే రికార్డింగు గొంతు ఫోను చేసిందని మా ఆవిడ చెప్పింది. నేను స్నానాల గదిలోంచి వచ్చేలోపు ఆగిపోయింది. ఫోను ఎత్తనివాళ్ళని ఏ గడిలో కలుపుతారో నాకు తెలుసు. ఆ పట్టిక వేస్తున్న కుర్రాడి మీద కోపం లేదు. శ్రద్ధగా, చుక్క తప్పు పోకుండా వేస్తూ ఉంటాడు.

అందుకే మళ్ళీ అర్జీ రాశాను. ఈసారి కాగితంమీద రాసి, స్వయంగా తీసుకెళ్ళి తపాల్లో ఇచ్చి, నంబరు వేయించుకుని, నకలుమీద ముద్ర కొట్టించుకునేదాకా కౌంటరు ముందునుంచి కదల్లేదు.